అక్సూము బిషప్పు ఫ్రుమెంతియస్ చరిత్రము

ఆఫ్రికా ఖండమునకు తూర్పున, ఎఱ్ఱసముద్రమునకు ఎగువగా, ఎత్తైన కొండలతో నిండిన దేశము ఐతియొపీయ. ఆ దేశపు క్రైస్తవులు పదునాఱు శతాబ్దములకు పైగా ఒక మహనీయుని తమ సంఘమునకు తండ్రిగా నెంచి గౌరవించుచున్నారు. అతని పేరు ఫ్రుమెంతియస్. ఆ దేశీయులు అతనిని అబ్బా సలామా, అనగా శాంతి తండ్రి, యని పిలుతురు. వెలుగును బయలుపరచినవాడను బిరుదము గూడ అతనికి గలదు. అతడు ఆ దేశమునకు రాయబారిగా పోలేదు, బోధకుడుగా పోలేదు, తన యిష్టముచేతను పోలేదు. తనతో వచ్చిన వారందఱు చంపబడగా ప్రాణముతో మిగిలి, చెఱపట్టబడిన బాలుడుగా పోయెను. అట్టి బాలుడు ఒక రాజ్యమునకు ఉపదేశకు డెట్లయ్యెనో మా శక్తికొలది ఇచ్చట వివరింప దలచితిమి.

ఈ చరిత్రమును మన పాఠశాల పత్రికలో వ్రాయుటకు మఱియొక కారణము గలదు. క్రింది తరగతుల పిల్లలు క, కా, కి, కీ యని గుణింతము వల్లించునపుడు, ఇంత కష్టము తెలుగు పిల్లలకే వచ్చినదని తలంచుట కద్దు. అది నిజము కాదు. ప్రాచీనకాలమున గుణింతపు లిపులు పెంపొందిన దేశములలో మన భారతదేశ మొకటి, ఐతియొపీయ మఱియొకటి. ఆ దేశపు బాలురును మన పిల్లలవలెనే ఒక్కొక్క హల్లును పలు రూపములతో వల్లింతురు. ఆ గుణింతము ఆ దేశపు రాళ్లమీదను నాణెములమీదను మొదట కానవచ్చిన కాలమును, ఫ్రుమెంతియస్ అచ్చట నివసించిన కాలమును దగ్గఱ దగ్గఱగా ఒక్కటియే. కావున అతని జీవితమును, ఆ లిపి కథను కలిపి చెప్పుట యుక్తమని మాకు తోచినది.

ఫ్రుమెంతియస్ క్రీ.శ. 4వ శతాబ్దపు మొదటి భాగమున తూరు పట్టణమున పెరిగిన క్రైస్తవ బాలుడు. తూరు నేటి లెబనోను దేశములో సముద్రతీరమున నున్నది. సొలొమోను కట్టించిన దేవాలయమునకు దేవదారు మ్రాకులు పంపిన హీరాము రాజు పట్టణము అదియే. అక్షరముల చరిత్రలో గూడ తూరునకు గొప్ప స్థానము గలదు. తూరు, సీదోను మొదలైన పట్టణములలో నివసించిన ఫినీషియనులు 22 అక్షరములతో తమ భాష నంతయు వ్రాసికొనిరి. ఆ 22 అక్షరములును హల్లులే. అచ్చులకు గుర్తులు లేవు. వర్తకులైన ఆ ఫినీషియనులనుండి గ్రీకులు ఆ అక్షరములు నేర్చుకొని, తమకు అక్కఱలేని కొన్ని హల్లులను అచ్చులుగా మార్చుకొనిరి. హెబ్రీ లిపియు 22 హల్లుల లిపియే. ఫ్రుమెంతియస్ కాలమునకు తూరులో చదువుకొన్న వారి భాష గ్రీకు. కావున ఈ బాలుడు అచ్చులకు వేఱుగా అక్షరములున్న లిపిలో చదువు నేర్చెను.

తూరులో మెరోపియస్ అను తత్త్వవేత్త యుండెను. దూరదేశములను చూచి జ్ఞానము సంపాదింపవలెనను కోరికతో అతడు హిందూదేశమునకని బయలుదేరెను. తనకు బంధువులై తనయొద్ద చదువుకొనుచున్న ఇద్దఱు బాలురను వెంటగొనిపోయెను. వారిలో పెద్దవాడు ఫ్రుమెంతియస్, చిన్నవాడు ఎదేసియస్. ప్రయాణము ముగించుకొని తిరిగి వచ్చుచుండగా నీళ్లకొఱకును ఆహారముకొఱకును వారి ఓడ ఎఱ్ఱసముద్రతీరమున ఒక రేవునకు చేరెను. ఆ దినములలో ఆ తీరవాసులకును రోమకులకును నడుమ నున్న ఒడంబడిక చెడియుండెను. ఓడ వచ్చుట చూచి వారు దానిమీద పడి, మెరోపియస్‌ను ఓడలోని వారినందఱిని చంపిరి. బాలు రిద్దఱు మాత్రము ఆ సమయమున గట్టుమీద ఒక చెట్టు క్రింద కూర్చుండి పాఠములు చదువుకొనుచుండిరి. వారిని చూచి ఆ మనుష్యులు జాలిపడి, చంపక తమ రాజునొద్దకు తీసికొనిపోయిరి.

ఈ వృత్తాంతము కట్టుకథ కాదు. రుఫీనస్ అను సంఘచరిత్రకారుడు 5వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో దీనిని వ్రాసెను. ఆ చెట్టు క్రింద కూర్చున్న ఇద్దఱిలో నొకడైన ఎదేసియస్ నోటనే తాను వింటినని అతడు తెలిపియున్నాడు. రుఫీనస్ ఆ దేశమును హిందూదేశములో నొక భాగముగా పేర్కొనెను. అప్పటి రోమకులు ఎఱ్ఱసముద్రమునకు ఆవలనున్న దేశములను గూడ ఆ పేరుతో పిలుచుచుండిరి. అది నిజముగా అక్సూము రాజ్యము. అక్సూము నేటి ఐతియొపీయ ఉత్తరభాగమున నున్న పట్టణము. దాని రేవుపట్టణమైన అదూలిసునుండి ఏనుగుదంతములు మొదలైన సరకులు ఐగుప్తునకును హిందూదేశమునకును పోవుచుండెను. అక్సూము రాజులు బంగారు నాణెములు గూడ ముద్రించిరి.

రాజు ఆ బాలురను దాసులుగా ఉంచుకొనెను. చిన్నవాడైన ఎదేసియస్‌ను పానపాత్ర అందించువానిగా నియమించెను. ఫ్రుమెంతియస్ తెలివియు నమ్మకమును గలవాడని కనిపెట్టి, తన ఖజానాను, లేఖనముల పనిని అతనికి అప్పగించెను. పరదేశమున అమ్మబడి రాజుగృహమున పెద్దవాడైన యోసేపు కథ ఈ సందర్భమున ఎవరికైనను స్ఫురింపక మానదు.

లేఖనములు అప్పగింపబడిన ఈ బాలునికి అక్సూములో ఎట్టి లిపి ఎదురయ్యెనో చూతము. ఆ దేశపు భాష గెయెజ్. అది హెబ్రీ, అరబ్బీ భాషలకు చుట్టము. ఎఱ్ఱసముద్రమునకు ఆవలి యెమెను దేశమున సబాయీయులు వాడిన లిపినుండి గెయెజ్ లిపి పుట్టెను. షేబ రాణి దేశమని పలువురు చెప్పునది ఈ సబాయీయుల దేశమే. ఆ లిపి 29 అక్షరములును హల్లులే. దానినుండి పుట్టిన గెయెజ్ లిపియు మొదట హల్లుల లిపిగానే యుండెను.

హల్లులు మాత్రమే వ్రాసినయెడల చదువుట ఎట్లుండునో మన భాషలో నొక ఉదాహరణము తీసికొందము. ప, ల అను రెండు హల్లులు మాత్రమే వ్రాసి, అచ్చుల గుర్తులు విడిచిపెట్టితి మనుకొనుడు. చదువువాడు దానిని పాలు అనవచ్చును, పులి యనవచ్చును, పూలు అనవచ్చును, పలు అనవచ్చును. ఇంటికి వచ్చినది పాలో పులియో వ్రాతవలన తెలియదు; వాక్యమునుబట్టి ఊహించుకొనవలసినదే. హెబ్రీ, గెయెజ్ వంటి భాషలలో ఈ చిక్కు మన భాషలోనంత లేదు. ఆ భాషలలో సాధారణముగా మూడు హల్లులు కలిసి మాటకు మూలార్థము నిచ్చును; అచ్చులు వ్యాకరణమునుబట్టి మాఱుచుండును. స, ల, మ అను మూడు హల్లులను చూడుడు. హెబ్రీయుల షాలోము, అరబ్బుల సలాము, గెయెజ్ భాషలోని సలామ్ అను మాటలు మూడును ఆ హల్లులతో నేర్పడినవే. అన్నిటి యర్థము శాంతియే. మన చరిత్రనాయకుని బిరుదునామమును వానినుండి వచ్చినదే. కావున భాష బాగుగా నెఱిగినవాడు హల్లులు చూచి అచ్చులను తానే పూరించుకొని చదువగలడు.

అయినను ఇందులో ఒక పెద్ద లోపము గలదు. ఇట్టి వ్రాత ఇదివఱకే తెలిసినవానికి చాలును, క్రొత్తవానికి చాలదు. పెద్దలనుండి విని నేర్చుకొన్నవాడు చదువును, విననివాడు తడబడును. వినిపించు పరంపర తెగిపోయినయెడల పలుకు పోవును. దీనికి మన వేదములోనే నిదర్శనము గలదు. దేవుని పరిశుద్ధనామమును హెబ్రీయులు నాలుగు హల్లులతో వ్రాసిరి. కాలక్రమమున ఆ నామమును బిగ్గఱగా ఉచ్చరించుట మానివేసి, దానికి బదులు ప్రభువు అను నర్థముగల మాటను చదువసాగిరి. హల్లులు గ్రంథములో నిలిచినవి గాని, వాని నడుమ పలుకబడిన అచ్చుల తీరు లోకమునకు నిశ్చయముగా తెలియకుండ పోయినది. క్రీ.శ. 7వ శతాబ్దము మొదలు 10వ శతాబ్దము వఱకు యూదపండితులు శ్రమపడి చుక్కలు, గీతలు కల్పించి పాతనిబంధన గ్రంథమునకు అచ్చులను గుర్తించి పెట్టిరి. ఆ పనికి మూడు నాలుగు శతాబ్దములకు ముందే అక్సూములో అచ్చుల గుర్తులు వెలసెను.

ఇక కథకు వత్తము. కొంతకాలమునకు రాజు మరణించెను. మరణమునకు ముందు బాలు రిద్దఱికిని స్వేచ్ఛ నిచ్చెను. రాజకుమారుడు అప్పటికి పసివాడు. వారు స్వదేశమునకు పోగోరుచుండగా, రాణి వారిని బతిమాలి, కుమారుడు పెరుగువఱకు రాజ్యభారములో తనకు తోడుగా నుండుడని వేడుకొనెను. తన వారిని చంపిన దేశము. తనను దాసునిగా నుంచిన కొలువు. పోవుటకు స్వేచ్ఛ చేతిలో నున్నది. అయినను ఫ్రుమెంతియస్ నిలిచెను. పగకు తావీయక, దిక్కులేని తల్లికిని బిడ్డకును సహాయుడై రాజ్యకార్యములు నడిపెను.

ఆ యధికారమును అతడు తన లాభమునకు వాడుకొనలేదు. రేవునకు వచ్చు రోమక వర్తకులలో క్రైస్తవు లెవ్వరని విచారించి, వారు కూడి ప్రార్థించుకొనుటకు స్థలములు ఏర్పఱచుకొనునట్లు ప్రోత్సహించి, అవసరమైనవి సమకూర్చెను. అక్సూము సంఘము ఇట్లు వర్తకుల చిన్న చిన్న ప్రార్థనకూటములతో ప్రారంభమయ్యెను. రాజకుమారుడు పెద్దవాడై రాజ్యమునకు వచ్చినపుడు ఫ్రుమెంతియస్, ఎదేసియస్ తమచేతిలో నున్న దంతయు అప్పగించి సెలవు పుచ్చుకొనిరి. రాణియు యువరాజును ఉండుమని బతిమాలినను వారు బయలుదేరిరి.

ఎదేసియస్ తలిదండ్రులను చూడగోరి తూరునకు పోయి, అచ్చట సంఘమున పెద్దయై పరిచర్య చేసెను. ఫ్రుమెంతియస్ మాత్రము తూరునకు పోలేదు. దేవుడు చేసిన కార్యమును దాచియుంచుట తగదని ఐగుప్తులోని అలెక్సంద్రియకు పోయెను. క్రీ.శ. 328లో ఆ పట్టణమునకు బిషప్పైన అతనాసియస్ అను మహాత్ముని దర్శించి జరిగినదంతయు విన్నవించెను. అక్సూములో క్రైస్తవులు కూడుచున్నారనియు, వారిని మేపుటకు యోగ్యుడైన బిషప్పును పంపవలెననియు కోరెను. తనకు పదవి కావలెనని అతడు అడుగలేదు. అతనాసియస్ సంఘపెద్దలను కూర్చి ఆలోచించి, ఆ పనికి ఇతనికంటె తగినవాడు లేడని నిశ్చయించి, ఫ్రుమెంతియస్‌కే బిషప్పుగా అభిషేకము చేసి తిరిగి పంపెను. మొదటిసారి బలవంతముగా ప్రవేశించిన దేశమున రెండవసారి తన యిష్టముతో అడుగిడెను. ఈ రెండవ ప్రయాణమే అతని జీవితమునకు శిఖరమని మేము తలంచెదము.

అప్పుడు అక్సూమును ఏలిన రాజు ఎజానా. ఇతని శాసనములును నాణెములును నేటికిని నిలిచియున్నవి. పూర్వశాసనములలో ఇతడు మహ్రెమ్ అను యుద్ధదేవత కుమారుడనని చెప్పుకొనెను. తరువాతి శాసనములలో ఆ పేరు మాఱి పరలోకప్రభువు పేరు కానవచ్చును. ఒక గ్రీకు శాసనములో తండ్రి కుమార పరిశుద్ధాత్మలయందు విశ్వాసము తేటగా చెప్పబడినది. నాణెములలోను ఈ మార్పు కనబడును. మొదట చంద్రవంకయు బింబమును ఉన్న స్థలమున తరువాత సిలువ నిలిచినది. లోకములో సిలువ గుర్తుతో నాణెములు ముద్రించిన తొలిరాజులలో ఎజానా యొకడు.

ఈ రాజు ఒక దండయాత్ర కథనే గ్రీకు భాషలోను, సబాయీయుల లిపిలోను, గెయెజ్ లిపిలోను చెక్కించిన రాళ్లు అక్సూములో గలవు. అట్టి దింకొక రాయిని 1981లో ఆ యూరి రైతులు బయలుపరచిరి. ఇతని శాసనములు వరుసగా చూచిన పండితులకు ఒక విశేషము కనబడినది. కొన్నింటిలో హల్లులు మాత్రమే గలవు. మఱికొన్నింటిలో ప్రతి హల్లునకును అచ్చుగుర్తు చేరియున్నది. అచ్చుగుర్తులతో సంపూర్ణముగా వ్రాయబడిన గెయెజ్ వ్రాతలలో మొట్టమొదటివి ఎజానా కాలపువే.

ఈ అచ్చుగుర్తులు కల్పించినవాడు ఫ్రుమెంతియస్సేనని చెప్పువారు గలరు. గ్రీకులో అచ్చుల నెఱిగినవాడు, రాజునొద్ద లేఖకుడు, సువార్తను జనులకు చదివి వినిపింపవలసినవాడు గనుక ఆ యూహకు కొంత బలము గలదు. గెయెజ్ అంకెలు గ్రీకు అక్షరములనుండియే పుట్టినవనుటయు దానికి తోడుపడును. కాని విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. ఎజానాకు ముందు ఏలిన వజేబా యను రాజు నాణెముమీద అచ్చుగుర్తుగల అక్షర మొకటి గలదు. కావున ఆ ప్రయత్నము కొంత ముందే మొదలైనదని తెలియుచున్నది. హిందూదేశపు వర్తకులవలన బ్రాహ్మీ మొదలైన లిపుల గుణింతమును చూచి అక్సూము లేఖకులు ఈ యూహ తెచ్చుకొనిరని కొందఱు పండితు లందురు. అదియు రుజువైన మాట కాదు. మహనీయునికి చెందని కీర్తిని అతనికి కట్టిపెట్టుట భక్తి కాదు. వెలసిన అచ్చులను నిలిపి, వ్యాపింపజేసి, చదువని జనులయొద్దకు తీసికొనిపోయినది క్రైస్తవ సంఘము అని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును. ఆ సంఘమునకు పునాది వేసినవాడు ఫ్రుమెంతియస్.

గెయెజ్ గుణింతపు తీరు మన పిల్లలకు వినోదముగా నుండును. మూలమున 26 హల్లులు. ఒక్కొక్కదానికి ఏడు రూపములు. వెరసి 182 అక్షరములు. మొదటి రూపమునకు గుర్తు లేదు. మన క, ల లలోవలె అకారము దానిలోనే యిమిడియుండును. సాధారణముగా ఉ కావలెనన్న అక్షరపు కుడిప్రక్క నడుమ చిన్న గీత పెట్టుదురు; ఈ కావలెనన్న ఆ గీతను అడుగునకు దింపుదురు; ఏ కావలెనన్న అడుగున చిన్న వలయము చుట్టుదురు. మన కొమ్ము, గుడి, ఏత్వముల వంటివే ఇవి. మనకు పొల్లు గలదు, ఒత్తులు గలవు; వారికి ఒత్తులు లేవు. ఆఱవ రూపమే కొన్నిచోట్ల పొల్లు పనియు చేయును. సబాయీయుల లిపి కుడినుండి ఎడమకు నడువగా, గెయెజ్ మన తెలుగువలె ఎడమనుండి కుడికి నడుచును.

మఱియొక వింత గలదు. హల్లులు మాత్రమే గల లిపులకును, హల్లులకు అచ్చుగుర్తులు చేర్చు లిపులకును భేదము తెలుపుటకు తగిన పేరు కావలసి, పీటర్ టి. డానియల్స్ అను అమెరికా పండితుడు 1990లో రెండవ జాతికి అబుగిద యను పేరు పెట్టెను. ఆ మాట ఐతియొపీయులదే. అ, బు, గి, ద అను వారి అక్షరముల వరుసనుండి అది వచ్చినది. ఆ జాతిలోనే మన తెలుగు లిపియు చేరినది. లిపిశాస్త్రజ్ఞుల గ్రంథములలో మన క గుణింతమునకు ఐతియొపీయ పేరు నిలిచియున్నది.

మన ప్రాంతమును ఈ విషయమున తక్కువది కాదు. 1892లో అలెగ్జాండర్ రీ అను పురాతత్త్వశోధకుడు కృష్ణాతీరపు భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినపుడు వ్రాతలు చెక్కిన ధాతుకరండములు దొరికెను. క్రీస్తునకు పూర్వపు ఆ వ్రాతలలో ఒక విశేషము గలదు. ఇతర బ్రాహ్మీ వ్రాతలలో అకారము హల్లులోనే యిమిడియుండగా, భట్టిప్రోలు లేఖకులు అకారమునకు గూడ వేఱుగా గుర్తు పెట్టిరి. అనగా అచ్చును ఎట్లు చూపవలెనను ప్రశ్న ఈ కృష్ణాతీరమునను వివేకులు ఆలోచించినదే. మన పల్నాటిలోనే, మాచర్లకు సమీపమున నాగార్జునకొండవద్ద ఇక్ష్వాకు రాజుల కాలపు బ్రాహ్మీ శాసనములు పెక్కు దొరికినవి. అవి క్రీ.శ. 3వ శతాబ్దపువి, 4వ శతాబ్దారంభపువి. ఆ లోయ సాగరజలములలో మునిగినను, శాసనములు నేడు ద్వీపముమీది ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. ఇచ్చటి శిల్పులు గుణింతముతో రాళ్లు చెక్కిన తరువాత కొలది దశాబ్దములకే అక్సూము శిల్పులును గుణింతముతో రాళ్లు చెక్కిరి. మన వినుకొండయొద్ద రోమక బంగారు నాణెములు దొరికినవి. ఐతియొపీయలోని దెబ్రె దామో మఠమున హిందూదేశపు కుషాణుల బంగారు నాణెములు దొరికినవి. సముద్రము ఈ దేశముల నన్నిటిని ఒకే వర్తకమున కలిపియుంచినది.

ఫ్రుమెంతియస్ దినములు అన్నియు సుఖముగా గడువలేదు. రోమక చక్రవర్తియైన కాన్‌స్టాంటియస్, క్రీస్తుయొక్క పూర్ణదైవత్వమును ఒప్పుకొనని ఆరియనుల పక్షము వహించి, అతనాసియస్‌ను పదవినుండి తొలగించి, జార్జి యనువానిని అలెక్సంద్రియలో నిలిపెను. క్రీ.శ. 356 ప్రాంతమున అక్సూము ప్రభువులైన ఎజానాకును సజానాకును చక్రవర్తి ఒక లేఖ పంపెను. ఫ్రుమెంతియస్ అతనాసియస్ చేత అభిషేకింపబడినవాడు గనుక అతని బోధను జార్జి పరీక్షింపవలెననియు, వెంటనే అతనిని అలెక్సంద్రియకు పంపవలెననియు దాని సారాంశము. ఆ లేఖను అతనాసియస్ తన గ్రంథమున భద్రపఱచినందున నేటికిని నిలిచియున్నది. రుఫీనస్ వ్రాసిన కథకు ఇది బలమైన సాక్ష్యము. లోకమునందు మిక్కిలి బలవంతుడైన చక్రవర్తి ఆజ్ఞ యట్లుండినను, ఐతియొపీయ సంఘము ఆరియనుల పక్షమునకు పోలేదు. అతనాసియస్ బోధించిన విశ్వాసమునందే నిలిచెను. అలెక్సంద్రియతో దానికి గలిగిన సంబంధము అతిదీర్ఘమైనది. ఐతియొపీయ సంఘమునకు ముఖ్యుడైన బిషప్పు ఐగుప్తునుండియే వచ్చుట శతాబ్దములకొలది సాగెను. 1959లో ఆ దేశీయుడే మొదటి పేట్రియార్కుగా నియమింపబడెను.

అపొస్తలుల కార్యములలో యెషయా గ్రంథము చదువుచు రథముమీద పోయిన నపుంసకుని కథ మన మెఱిగినదే. అతడు కొలిచిన కందాకే రాణి రాజ్యము అక్సూము కాదు. నైలునదీతీరపు మెరోవే రాజ్యము. అయినను ఆ కథలోని ఒక సంగతి ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. అతడు బిగ్గఱగా చదువుచుండుట ఫిలిప్పు విని దగ్గఱకు పోయెను. ఆ కాలమున చదువుట యనగా సాధారణముగా నోట పలుకుటయే. పలుకవలసిన గ్రంథమునకు పలుకు తెలుపు గుర్తు లుండుట ఎంత యుపకారమో దీనివలన తెలియును.

ఫ్రుమెంతియస్ తరువాత రెండు మూడు శతాబ్దములలో పరిశుద్ధగ్రంథము గ్రీకునుండి గెయెజ్ భాషలోనికి వచ్చెను. అదువా పట్టణమునకు సమీపమున అబ్బా గరిమా మఠములోని సువార్తల ప్రతులు, చిత్రములతో గూడి నేటికిని నిలిచియున్న క్రైస్తవ గ్రంథములలో మిక్కిలి పురాతనమైనవి. తోలుపుటల పరీక్షవలన అవి క్రీ.శ. 4వ శతాబ్దమునకును 7వ శతాబ్దమునకును నడిమివని తేలినది. హనోకు పేరుతో నున్న ప్రాచీనగ్రంథము ఇతర భాషలలో ముక్కలుగా మిగిలినది. గెయెజ్‌లో మాత్రమే సంపూర్ణముగా నిలిచినది. గెయెజ్ నేడు ఇండ్లలో మాటలాడు భాష కాకపోయినను ఆరాధనలో వినబడుచున్నది. ఆ దేశపు సంఘపాఠశాలలలో బాలురు మొదట అక్షరముల పట్టికను వల్లించి, పిమ్మట దావీదు కీర్తనలను బిగ్గఱగా చదివి చదువు నేర్చుట పూర్వాచారము. అచ్చులు గుర్తింపబడిన లిపి గనుకనే, భాష వాడుక తప్పిన పిమ్మట గూడ దాని పలుకు పుటలలో నిలిచినది.

మన తెలుగు వ్యాకరణములో అచ్చులకు ప్రాణములనియు, హల్లులకు ప్రాణులనియు పేర్లు గలవు. ఈ పేర్లు పెట్టిన పెద్దలు లిపి రహస్యమును చక్కగా నెఱిగినవారు. ప్రాణములేని ప్రాణి లేచి నడువదు. అచ్చు చేరని హల్లు నోట పలుకదు. పల్నాటి క్రైస్తవ కుటుంబములకు దీని విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు. తెలుగులో మొదటి క్రైస్తవ పుస్తకములు బెంజమిన్ షుల్ట్జ్ ప్రయత్నమున 1746లో జర్మనీలోని హాలె పట్టణమున అచ్చుపడెను. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. హేయరు దొరగారు 1842లో గుంటూరునకును, 1849లో మన గురజాలకును వచ్చిరి. ఆ దినములలో మన పూర్వులలో పెక్కుమందికి అక్షరము తాకుట గూడ నిషిద్ధము. చదువు ఇదివఱకే తెలిసినవారి సొత్తై, తెలియనివారికి తలుపు మూసియుండెను. అట్టి ఇండ్లలోని వారు చెట్ల క్రిందను, పూరిపాకలలోను గుణింతము నేర్చుకొని, సువార్తను తమ నోట తామే చదివికొనిరి. ఎవరో చదివి చెప్పినది వినుటకును, తాను చదివికొనుటకును ఎంత భేదమో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.

నేడు మన యిండ్లలో మఱియొక విధమైన చిక్కు వచ్చినది. ఇంగ్లీషు మాధ్యమమున చదువు పిల్లలు కొందఱు కుటుంబప్రార్థనలో తెలుగు వేదమును తడబడక చదువలేకయున్నారు. ఇంగ్లీషు నేర్వవలసినదే, దానిని మేము కాదనము. కాని తాతలు కష్టపడి తెఱచిన తలుపు మనుమల యజాగ్రత్తచేత మూసికొనరాదు. అవ్వ చదివిన వేదమును మనుమరాలు చదువలేనిచో, హల్లులు నిలిచి అచ్చులు పోయిన గ్రంథమువలె మన యిల్లును పలుకు పోగొట్టుకొనును. కావున తలిదండ్రులు దినమునకు ఒక్క అధ్యాయమైనను పిల్లలచేత బిగ్గఱగా చదివింతురు గాక.

విద్యార్థులారా, ఫ్రుమెంతియస్ ప్రాణము నిలిచిన గడియలో అతడు చేయుచున్న పని పాఠము చదువుట. దాసుడై యుండగా లెక్కలు సరిగా చూచెను. అధికారమున నుండగా ఇతరుల సొమ్ము ఆశింపలేదు. విడుదల కలిగినపుడు తనకు కీడు చేసిన దేశమునకే మేలు చేయ నెంచి తిరిగిపోయెను. మీరు గుణింతము వ్రాయుచు విసుగు చెందునపుడు, అక్సూములో ఒక్కొక్క రాతియక్షరమునకు అచ్చుగుర్తు చేర్చిన పేరెఱుగని లేఖకులను తలంచుకొనుడు. వారి వ్రాతను చదువగల సంఘమును కట్టిన ఆ శాంతి తండ్రిని తలంచుకొనుడు. పిమ్మట కలము చేతబట్టి ఆ వరుసను పూర్తిచేయుడు.